పూల టైల్స్ కొనేముందు రంగు ఎక్కడుందో చూడండి

టైల్స్ షోరూంలో ఒక గంట తిరిగాక ఏది చూసినా ఒకేలా కనిపించడం మొదలవుతుంది. ఆత్తంగుడి డిజైన్ అని ఒకటి చూపిస్తారు, జైపూర్ నీలం అని ఇంకొకటి, మొరాకో పూలు అని మరొకటి. చాలాసార్లు ఆ మూడూ గుజరాత్‌లో టైల్స్ ఫ్యాక్టరీల ఊరైన మోర్బీలో ఒకే రకం మెషీన్ మీద అచ్చయినవే. ఎక్కడో మూల అరలో, వాటికి ఎన్నో రెట్లు ధరలో, చేత్తో చేసిన అసలు పలకలు కూడా ఉంటాయి. మనతో వచ్చినవాళ్ళలో ఒకరు ధర అడుగుతారు, ఒకరు కాలు జారుతుందా అని అడుగుతారు. మేస్త్రీ మాత్రం "పెద్ద సైజు తీసుకోండి సార్, పని తొందరగా తెమిలిపోద్ది" అంటాడు.

ఇవన్నీ అడగాల్సినవే. కానీ వీటికంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది: ఈ పలకలో రంగు ఎక్కడుంది? టైల్ మీద గాజులా మెరిసే పూత ఉంటుంది కదా, దాన్ని గ్లేజు అంటారు. రంగు ఆ గ్లేజు మీద ఉందా, కింద ఉందా, గ్లేజులోనే కలిసిపోయిందా, లేక గ్లేజుతో పని లేకుండా పలక ఒంట్లోనే ఉందా? పూల టైల్స్ చేసినవాళ్ళు వందల ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకున్నది ఈ విషయం మీదే. రంగున్న చోటుని బట్టే ఆ పలక ఎన్నేళ్ళు నిలుస్తుందో, దాని మీద కాలు పెట్టొచ్చో లేదో, చింతపండు పులుసు పడితే ఏమవుతుందో తేలుతుంది.

ఈ సంగతి నాకు మా వంటింట్లో తెలిసొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు మోజుపడి వంటింటి నేలకి ఆత్తంగుడి పలకలు వేయించాం. ఎర్రటి నేల, మధ్యలో పసుపు నక్షత్రాలు. అమ్మిన షాపాయన "వంటింటికైనా దేనికైనా బ్రహ్మాండంగా ఉంటాయండీ" అన్నాడు. గృహప్రవేశమైన నెలకే ఒక రాత్రి అమ్మ చేతిలోంచి చారు గిన్నె జారింది. నిద్రమత్తులో పైపైన తుడిచి పడుకున్నాం. పొద్దున చూస్తే చారు పారినంత మేరా నున్నదనం పోయి, సుద్దముక్కతో రుద్దినట్టు పాలిపోయి ఉంది. సబ్బు పెట్టాం, వంటసోడా పెట్టాం, పోలేదు. పోయేందుకు అక్కడ అంటుకున్నది ఏమీ లేదు, పై పొరే కరిగిపోయింది. ఆ పలకకి గాజు పూత ఉండదు, పైనా లోపలా అంతా సిమెంటే. సిమెంటుకి పులుపు పడదు. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పలేదు.

కోసి పేర్చిన రంగు

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళయితే షోరూంకి వెళ్ళేముందు, మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఒకసారి చూసి రండి. పాతబస్తీలో చార్మినార్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. చార్మినార్ కట్టిన మూడేళ్ళకి, 1594లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. గోడల మీది పలకల పని 1611 నాటిది. పెద్ద పెద్ద పీర్ల ఆకారాలు, వాటి చుట్టూ తీగలు, పూలు. దూరం నుంచి కుంచెతో వేసిన బొమ్మలా ఉంటుంది. దగ్గరికెళ్తే ఒక్క కుంచె గీత కూడా కనపడదు. పసుపు రేకు ఒక ముక్క, దాన్ని ఆనుకుని నీలం ఒక ముక్క, ఆకుపచ్చ తీగ వంపు తిరిగిన చోట సన్నటి కొడవలిలా ఇంకో ముక్క. ఒక్కో రంగు పలకని విడిగా కాల్చి, కావలసిన ఆకారానికి చెక్కి, అంచులు అరగదీసి పక్కపక్కన పేర్చారు.

అంత కష్టం ఎందుకంటే, రంగులిచ్చే గ్లేజులన్నీ ఒకే వేడికి ఒకేలా కరగవు. ఒకే పలక మీద పక్కపక్కన పూసి కాలిస్తే ఒకదాన్లోకి ఒకటి పారిపోతాయి. అందుకని ఇరాన్, మధ్య ఆసియా పనివాళ్ళు రంగుకో పలక కాల్చి కోసుకునేవాళ్ళు. ఆ విద్య కుతుబ్ షాహీల కంటే ముందే, బహమనీల కాలంలోనే దక్కన్‌కి వచ్చింది. బీదర్‌లో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా ముందు గోడ మీద ఆ పలకలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల మీద కూడా అక్కడక్కడా ముక్కలు కనిపిస్తాయి.

ఆషూర్‌ఖానా గోడల్లో కింది భాగం 1908 మూసీ వరదకి దెబ్బతింది. అక్కడ తర్వాత రంగులతో డిజైన్ వేశారు. పైన నాలుగు వందల ఏళ్ళ నాటి గాజు రంగు, కింద వందేళ్ళ నాటి మామూలు రంగు. రెండూ ఒకే చూపులో కనపడతాయి. కాలిన రంగుకీ పూసిన రంగుకీ తేడా ఏమిటో అంత బాగా చూపించే గోడ నాకు ఇంకోటి తెలియదు.

ఈ పద్ధతి మనకి ఇప్పుడు దొరుకుతుందా అంటే, ఒక రకంగా దొరుకుతుంది. గుమ్మం లోపల, హాలు మధ్యలో వేయించుకునే వాటర్‌జెట్ కటింగ్ పువ్వులు ఈ వంశానివే. ఉలికి బదులు నీటి ధార కోస్తుంది, అంతే. వేయించుకునే వాళ్ళకి నా సలహా: ముక్కలు గ్రానైటువి గానీ, ఒళ్ళంతా ఒకే రంగున్న ఫుల్ బాడీ విట్రిఫైడ్‌వి (బాగా వేడిలో కాలి, నీరు దాదాపు పీల్చని గట్టి టైల్స్) గానీ అయి ఉండాలి. పైన మాత్రమే ప్రింటున్న టైల్‌ని కోయిస్తే కోసిన ప్రతి అంచులోనూ లోపలి తెల్ల ఒళ్ళు సన్నటి గీతలా బయటపడుతుంది. డిజైన్ కాగితం మీద ఉన్నంత అందంగా నేల మీద ఉండదు.

గ్లేజు కింద దాగిన రంగు

నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస ఇది. తెల్లటి పలక మీద కుంచెతో బొమ్మ వేసి, దానిపైన పారదర్శకమైన గ్లేజు పోసి కాలుస్తారు. బొమ్మ గాజు కింద ఉండిపోతుంది. రోజూ తుడిచినా చెయ్యి తగిలేది గాజుకే, రంగుకి కాదు. 16వ శతాబ్దంలో తుర్కీలోని ఇజ్నిక్ ఊరు ఈ పనిలో అందరినీ మించిపోయింది. 1557లో పూర్తయిన ఇస్తాంబుల్ సులేమానియే మసీదు పలకల్లో టమాటా పండు లాంటి ఎరుపు కనిపిస్తుంది. ఇనుము ఎక్కువగా ఉన్న మట్టిని దట్టంగా పెడితేనే ఆ ఎరుపు వస్తుంది, అందుకే వేలితో తడిమితే కొంచెం ఉబ్బుగా తగులుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ పనితనం సడలి, తర్వాతి పలకల్లో అదే ఎరుపు గోధుమరంగుకి తిరిగిపోయింది.

మన దేశంలో ఆ వంశం జైపూర్ బ్లూ పాటరీ రూపంలో బతికి ఉంది. దీన్ని పింగాణీ అనో మట్టి అనో అమ్ముతుంటారు, కానీ ఇందులో కుమ్మరి మట్టి ఉండదు. పలుగురాయి పొడి, గాజు పొడి, కొంచెం ముల్తానీ మట్టి, జిగురు, సోడా కలిపి పిండిలా ముద్ద చేస్తారు. ఆ ముద్ద సాగదు, చక్రం మీద నిలవదు. అందుకే అచ్చుల్లో వత్తుతారు. దాని మీద కోబాల్టుతో, రాగితో బొమ్మ వేస్తారు. కుంచెతో వేస్తున్నప్పుడు కోబాల్టు రంగు మసి కలిపినట్టు నల్లగా ఉంటుంది. బట్టీలోంచి బయటికి వచ్చాకే నీలం అవుతుంది. అంటే చేసేవాళ్ళు నలుపు చూస్తూ నీలాన్ని ఊహించుకుని వేయాలి. రాగి నెమలి మెడ రంగునిస్తుంది. 19వ శతాబ్దంలో జైపూర్ రాజు సవాయి రామ్‌సింగ్ ఆదరణతో జైపూర్‌లో స్థిరపడిన ఈ పని 20వ శతాబ్దం మధ్యకి దాదాపు ఆగిపోయింది. కమలాదేవి చట్టోపాధ్యాయ, గాయత్రీదేవి అండతో చిత్రకారుడు కృపాల్ సింగ్ షెఖావత్ దాన్ని మళ్ళీ నిలబెట్టారు.

కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఈ పలక కాలేది దాదాపు 800 నుంచి 850 డిగ్రీల దగ్గర. మోర్బీ విట్రిఫైడ్ టైల్ 1200 డిగ్రీల దగ్గర కాలుతుంది. కాబట్టి జైపూర్ పలక పెళుసు, లోపలి ఒళ్ళు నీరు పీల్చేది. నేల మీద వేయించకండి. షవర్ కింద కూడా వద్దు. గోడ మీద, మెట్ల నిలువు ముఖాల మీద, పూజగది వెనక గోడకి, కిటికీ చుట్టూ అంచుగా వేయించండి. ఒక గదంతా నింపనక్కర్లేదు. మామూలు తెల్ల టైల్స్ మధ్య పది పన్నెండు పలకలు పెడితే చాలు, చూపంతా అక్కడికే పోతుంది, ఖర్చు కూడా చేతిలో ఉంటుంది. మందం ఒకదానికొకటి సరిగ్గా సరిపోదని మేస్త్రీ విసుక్కుంటాడు. అది లోపం కాదని ముందే చెప్పి, పలకకీ పలకకీ మధ్య కొంచెం వెడల్పు గ్రౌట్ వదలమనండి.

గ్లేజులో ఇంకిన రంగు, గ్లేజు మీది రంగు

హాలెండ్‌లో డెల్ఫ్ట్ పలకలు, పోర్చుగల్ నీలి పలకలు ఈ మొదటి రకం. తగరం కలిపిన తెల్ల గ్లేజుని పూసి, ఆరాక, కాల్చకుండానే దాని మీద బొమ్మ వేస్తారు. ఆ పొడి పూత కుంచెలోని నీళ్ళని చటుక్కున పీల్చేస్తుంది, తప్పు గీస్తే చెరపడం కుదరదు. అందుకని కాగితం మీద బొమ్మ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూట అద్ది, ఆ చుక్కల గుర్తుల మీద గీసేవాళ్ళు. మన ముగ్గుల చిల్లుల గొట్టం, జల్లెడ ముగ్గు చూసినవాళ్ళకి ఈ ఉపాయం వెంటనే అర్థమవుతుంది. ఉదయపూర్ కోటలో చీనీ చిత్రశాలకి వెళ్తే డచ్చి పలకలు చూడొచ్చు. కొచ్చిలో పరదేశి యూదుల ప్రార్థనాలయం నేల మీద 18వ శతాబ్దంలో చైనా నుంచి తెచ్చిన చేతి బొమ్మల నీలి పింగాణీ పలకలు ఉన్నాయి, అవి వేరే జాతి. ఇల్లు కట్టేవాళ్ళకి మాత్రం ఈ రకం గురించి ఎక్కువ చెప్పను. అసలువి పాత సామాను ధరలో దొరుకుతాయి, కొత్తవి దిగుమతి చేసుకోవాలి. ఆ నీలం మీద మనసుంటే జైపూర్ దగ్గరే ఆగండి.

గ్లేజు మీది రంగుకి ఒక తారీఖు ఉంది. 1756 జూలై 27న లివర్‌పూల్‌లో తాము ఆరు గంటల్లో 1200కి పైగా పలకల మీద రకరకాల బొమ్మలు అచ్చువేశామని జాన్ సాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు కొద్ది రోజులకి ప్రమాణపత్రం ఇచ్చారు. అంటే నిమిషానికి మూడుకి పైగా. చెక్కిన అచ్చు మీది బొమ్మని కాగితం లాంటి దాని మీదికి తీసి, కాలిన గ్లేజు మీద అంటించి, మళ్ళీ తక్కువ వేడిలో కాల్చడం. బొమ్మల పలక చవకైంది ఆ రోజు నుంచే. కానీ రంగు పైన కూర్చుంది కాబట్టి తుడిచేకొద్దీ అరిగేది.

ఇదే ఇప్పుడు మన షోరూంలో బంగారు గీతల హైలైటర్ టైల్స్ రూపంలో ఉంటుంది. థర్డ్ ఫైర్ అంటారు, అంటే రెండుసార్లు కాలిన పలక మీద బంగారు రంగు పెట్టి మూడోసారి తక్కువ వేడిలో కాల్చడం. టీవీ గోడకో, దేవుడి గది పైభాగానికో పర్వాలేదు. బాత్రూంలో వద్దు. మన ఇళ్ళలో బాత్రూం కడగడమంటే యాసిడ్ పోసి పీచుతో రుద్దడమే, ఆ గీతలు దానికి ఎక్కువ కాలం ఆగవు. షాపులో గట్టిగా అడగండి: "ఈ బంగారం గ్లేజు కింద ఉందా, పైన ఉందా?" సమాధానం తడబడితే వదిలేయండి.

ఒంట్లో ఉన్న రంగు

లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని చాప్టర్ హౌస్ నేల 1250ల నాటిది. ఎర్ర మట్టి పలకల్లో గుంటలు చేసి, వాటిలో తెల్ల మట్టి నింపి కాల్చిన పలకలు. ఏడు వందల ఏళ్ళు గడిచినా బొమ్మలు కనిపిస్తూనే ఉన్నాయి, ఎందుకంటే పై పొర అరిగినా కింద అదే బొమ్మ ఉంది. మధ్యలో మరుగున పడిన ఈ పద్ధతికి శామ్యూల్ రైట్ 1830లో పేటెంట్ తీసుకున్నాడు. స్టోక్ ఆన్ ట్రెంట్‌కి చెందిన హెర్బర్ట్ మింటన్ దాన్ని పట్టుకుని, ఏళ్ళ తరబడి పలకలు పగిలిపోతున్నా, రెండు మట్టులు ఒకేలా కుంచించుకునేలా చేసేదాకా వదల్లేదు. తర్వాత బ్రిటిష్ పార్లమెంటు భవనం నేలలకీ, వాషింగ్టన్‌లో అమెరికా కాపిటల్ నేలలకీ వేసినవి ఆయన కంపెనీ పలకలే.

మింటన్ కథలో ఇంకో ముక్క ఉంది, దాని ప్రభావం మన ప్రతి ఇంట్లోనూ ఉంది. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనే ఆయన బొత్తాలు చేయడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. తడి మట్టి ముద్దకి బదులు, కాస్త చెమ్మ ఉన్న మట్టి పొడిని ఇనుప అచ్చులో పోసి గట్టిగా నొక్కడం. నీళ్ళు తక్కువ కాబట్టి ఆరడానికి రోజులు పట్టదు, వంకర పోదు, కొలత తప్పదు. మింటన్ దాన్ని టైల్స్‌కి వాడాడు. ఇవాళ మోర్బీలో పెద్ద హైడ్రాలిక్ ప్రెస్సు కింద పడుతున్నదీ అదే చెమ్మ పొడి.

ఇప్పటి షోరూంలో ఒంట్లో రంగున్నవి రెండు: ఫుల్ బాడీ, డబుల్ చార్జ్. ఫుల్ బాడీలో రంగు ఆసాంతం ఉంటుంది. డబుల్ చార్జ్‌లో పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల రంగు పొర, కింద మామూలు పొర. జనం తొక్కే చోట ఇవి నమ్మకమైనవి. కానీ ఒక చిక్కుంది. పొడిని పోసి నొక్కే పద్ధతిలో మచ్చలు, అలలు, చారలు వస్తాయి తప్ప మింటన్ పలకలోలా నిక్కచ్చిగా గీసిన పువ్వు రాదు. పువ్వూ కావాలి, అరుగుదలకి తట్టుకునే లోతూ కావాలి అనేవాళ్ళకి మామూలు షోరూంలో ఉన్న ఒకే దారి సిమెంటు పలక.

కాల్చని పలక: ఆత్తంగుడి

ఇది సిరామిక్ కాదు. బట్టీ ఎక్కదు. 19వ శతాబ్దంలో పోర్ట్‌లాండ్ సిమెంటు వచ్చాక ఫ్రాన్స్, స్పెయిన్ వైపు పుట్టిన పద్ధతి. మింటన్ చేసిన రకం, అంటే బొమ్మ ఒంట్లోనే ఉండేలా కాల్చిన ఎన్‌కాస్టిక్ పలకకి చవకైన చెల్లెలు. బొంబాయిలో 1922లో భారత్ ఫ్లోరింగ్ టైల్స్ స్వదేశీ పట్టుదలతో మొదలైంది. తమిళనాడులో కారైకుడి దగ్గరి ఆత్తంగుడి ఊరు దీన్ని సొంతం చేసుకుంది. చెట్టినాడు భవంతుల్లో ఈ పలకల పక్కనే ఇంగ్లండ్ పలకలు, 20వ శతాబ్దం మొదట్లో జపాన్ నుంచి వచ్చిన ఉబ్బెత్తు పూల మజోలికా పలకలు కూడా ఉంటాయి. జపాన్ వాళ్ళు మన కోసం కృష్ణుడి బొమ్మల పలకలు కూడా చేసి పంపారు.

ఆత్తంగుడి పలక చేయడం చూడ్డానికి దోసె పోసినట్టుంటుంది. అద్దం పలక తుడిచి, దాని మీద చదరపు ఇనుప చట్రం పెడతారు. చట్రంలో పువ్వు ఆకారంలో వంచిన రేకు అచ్చు. చిన్న గరిటెతో ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు ద్రావణం పోస్తారు. ఎర్ర గడి నిండాక పసుపు, పసుపు నిండాక నలుపు. అచ్చుని ఊపిరి బిగబట్టినట్టు నిదానంగా పైకి లాగుతారు. రంగులు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి గానీ కలిసిపోవు. పైన పొడి ఇసుక, సిమెంటు చల్లుతారు, అది చెమ్మని లాగేస్తుంది. ఆపైన తడి మాలు నింపి చదును చేస్తారు. అంటే మనం తొక్కే ముఖం అప్పుడు కిందికి, అద్దం వైపు ఉంటుంది. గట్టిపడ్డాక నీళ్ళలో నానబెడతారు, పలక అద్దం నుంచి విడివడుతుంది. ఆ మెరుపు అద్దం నుంచి వచ్చిందే, పాలిష్‌తో వచ్చింది కాదు.

కొత్తలో కంటే పదేళ్ళ తర్వాత ఇది బాగుంటుంది. కాళ్ళ తాకిడికి నునుపెక్కుతుంది. బకెట్ నీళ్ళలో కొన్ని చుక్కల కొబ్బరినూనె వేసి తుడవడం అక్కడి అలవాటు. ఎండాకాలంలో మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకోవాలనిపించేంత చల్లగా ఉంటుంది. హాలు, వరండా, పడక గది, నాలుగువైపులా కప్పున్న లోగిలి దీనికి సరైన చోట్లు.

పడని చోట్లు: బాత్రూం, వంటగట్టు చుట్టూ, వానకి తడిసే అరుగు. యాసిడ్ ఒక్కసారి తగిలినా ముఖం చెడుతుంది. పులుపు సంగతి చెప్పాను కదా. ఇంకో పెద్ద విషయం మందం. ఇది ముప్పావు అంగుళం దాకా ఉంటుంది, కింద మాలు పరుపు కూడా కావాలి. పాత ఫ్లాట్‌లో ఉన్న నేల మీద వేయిస్తే తలుపులన్నీ కింద కోయించాల్సి వస్తుంది. పై అంతస్తుల్లో బరువు గురించి ఇంజినీర్‌ని అడగకుండా దిగొద్దు. ఇంటి పనుల్లో దీన్ని చివర్న వేయించండి. రంగులవాళ్ళు, కరెంటువాళ్ళు వెళ్ళిపోయాకే. పలక వేశాక పడ్డ ఒక్క పెయింటు చుక్క తీయడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మోర్బీ ప్రింటు

2000 ప్రాంతంలో స్పెయిన్‌లో టైల్స్‌కి ఇంక్‌జెట్ ప్రింటర్ వచ్చాక అంతా మారిపోయింది. ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ కంప్యూటర్‌లోంచి నేరుగా పలక మీద పడుతుంది. జాలి అచ్చులు, రబ్బరు రోలర్లు అక్కర్లేదు. గుజరాత్‌లోని మోర్బీ దాన్ని అందిపుచ్చుకుంది. చేతిపని ఇష్టపడేవాళ్ళు ఈ టైల్స్‌ని చిన్నచూపు చూస్తారు. నాకు ఆ మాట నచ్చదు. మంచి గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్‌లో ఇంకు పైన ఇంకో గ్లేజు పొర ఉంటుంది. అంటే ఇజ్నిక్ వాళ్ళు పట్టిన కిటుకే. నీరు పీల్చడం అర శాతం లోపు. పసుపు, నూనె, చింతపండు, ఏవీ దాన్ని కదిలించవు.

లోపాలు రెండు. బరువైనది పడి పెచ్చు లేస్తే లోపలి ఒళ్ళు బయటపడుతుంది, ఆ పువ్వులో తెల్ల చుక్క శాశ్వతం. రెండోది, ఒకే బొమ్మ తిరిగి తిరిగి రావడం. రాయి, చెక్క డిజైన్లు తీసుకుంటే "ఎన్ని ఫేస్‌లు ఉన్నాయి?" అని, అంటే ఎన్ని వేర్వేరు ప్రింట్లు ఉన్నాయని అడగండి. నాలుగే ఉంటే హాలు నిండేసరికి అదే మరక అదే చోట పదిసార్లు కనిపిస్తుంది. పూల డిజైన్లకి ఈ బాధ లేదు, పువ్వు మళ్ళీ మళ్ళీ రావడమే అందం.

గోడ టైల్స్, నేల టైల్స్ మధ్య తేడా మాత్రం మర్చిపోవద్దు. గోడ టైల్ పది శాతానికి పైగా నీరు పీలుస్తుంది, పలచన, తేలిక. డిజైన్ నచ్చిందని దాన్ని నేలకి వేస్తే కుర్చీ కాలికే చిట్లుతుంది.

మరి ఏ గదికి ఏది

అద్దెకిచ్చే ఇల్లయినా, ఫ్లాట్ అయినా, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న బాత్రూం అయినా ఆలోచించకుండా మోర్బీ ప్రింటు. బాత్రూం నేలకి మెరిసేది వద్దు, గరుకు ముఖం ఉన్న మ్యాట్ తీసుకోండి.

సొంత ఇల్లు, కింది అంతస్తు, ఓపిక ఉంది అంటే వరండాకీ హాలుకీ ఆత్తంగుడి. ఒక్క గదికే డబ్బులుంటే వరండాకి వేయించి, లోపల తాండూరు బండలు పరిచినా ఇల్లు నిండుగా ఉంటుంది. ఆ రెండూ కలిసిపోయినంత బాగా ఆత్తంగుడి, తళతళలాడే తెల్ల విట్రిఫైడ్ కలవవు.

చేతిపని పలకలు కొనాలని ఉండీ బడ్జెట్ చాలనివాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది మెట్లు. మెట్టు నిలువు ముఖం మీద ఎవరూ కాలు పెట్టరు, నీళ్ళు నిలవవు, కిందనుంచి పైకి వచ్చే ప్రతివాళ్ళ కళ్ళకీ ఎదురుగా ఉంటుంది. జైపూర్ పలకలకి అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు.

పూజగదికి దేవుడి బొమ్మల పోస్టర్ టైల్స్ ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. దీపం మసి, నూనె తడిబట్టతో పోతాయి కాబట్టి మంచివే. అయితే నాలుగు పలకల మీద ఒకే బొమ్మ వచ్చేవి కొంటే అతుకు దేవుడి ముఖం మీదుగా రాకుండా చూసుకోండి. కొనేముందు షాపులో నేల మీద పరిపించి చూడండి.

షాపులో చేయాల్సిన పనులు

విరిగిన ముక్క అడగండి, ఏ షాపులోనైనా ఉంటుంది. అంచు చూస్తే రంగు ఎంత లోతుందో తెలిసిపోతుంది. ఇంతకు ముందు చెప్పిందంతా ఆ ఒక్క అంచులో ఉంది. తర్వాత పలక తిరగేసి వెనక రెండు చుక్కల నీళ్ళు వేయండి. వెంటనే ఇంకిపోతే గోడకే. చుక్క చుక్కలాగే నిలబడితే నేలకి పనికొస్తుంది. రెండు పలకల్ని ముఖానికి ముఖం ఆనించి పట్టుకుంటే మధ్యలో వెలుతురు కనిపించకూడదు. కనిపిస్తే వంకర ఉన్నట్టు. సిమెంటు పలకయితే నిమ్మకాయ చెక్క రుద్ది పావుగంట ఆగి చూడమనండి. ఆ మచ్చ చూశాక కూడా నచ్చితే అప్పుడు కొనండి.

పెట్టెల మీద బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా అని ప్రతి పెట్టెకీ చూడాలి. ఒకే డిజైన్ అయినా బట్టీ మారితే రంగు కొంచెం మారుతుంది. పది శాతం ఎక్కువ కొనండి. అతికించిన మర్నాడు నాణెంతో తట్టి చూడండి, డొల్ల మోత వచ్చిన పలకని అప్పుడే మార్పించాలి. నెల తర్వాత మేస్త్రీ ఫోన్ ఎత్తడు.

మా వంటింట్లో చివరికి గట్టు కింద, సింకు ముందు రెండడుగుల మేర ఆత్తంగుడి పలకలు తీయించి ఎర్రటి మ్యాట్ విట్రిఫైడ్ పట్టీ వేయించాం. చారు మచ్చ పడ్డ పలకలు కూడా వాటితోనే పోయాయి. తలుపు వైపు సగం నేల మీద నక్షత్రాలు అలాగే ఉన్నాయి. బాగున్న పదకొండు పలకల్ని మేస్త్రీ జాగ్రత్తగా ఊడదీస్తే గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాం. పోయినేడు పెరటి గుమ్మం దగ్గర ఒకటి పగిలింది, ఆ సంచిలోంచి తీసి అతికించాం. ఇంకా పది ఉన్నాయి.